ఒంటి డబ్బా

పక్క రేకు ఊడదీసి పెట్టినా.
టేబుల్ ఫ్యాను మొగం డబ్బా వైపు తిప్పినా.
దానికి గాలి, నాకు చెమట.
మూతపడిన చీటీల ఆఫీసు వేలంలో
ఆరువేల ఐదొందలకు వచ్చిందిది.
వీపు మీద ఇంకా వాళ్ల స్టిక్కరే: క్యాషియర్ 2.

పగలంతా దస్తావేజులు కొడతాది.
'తూర్పున వంక, పడమర బండిబాట,
ఈ మధ్య గల మామిడిచెట్లతో సహా...'
పేజీకి ఇరవై.
రాత్రి పదిన్నరకు అదే కీబోర్డు మీద
పద్నాలుగు చక్రాల లారీ ఎక్కుతా,
చిత్తూరు సంతపేటలో, కుట్టుమిషను బల్ల ముందర.

ఆడాల. ఆడేది చూపించాల.
డబ్బుండేవాళ్లు దేనికది
రెండు కంప్యూటర్లు పెట్టుకుంటారంట.
నాది ఒంటిది.
బొమ్మ నున్నగా పంపితే బండి నత్తయిపోతాది,
బండి జోరుగా పోతే బొమ్మ పెంకులు పెంకులు.
అందుకే చెట్లకు నీడలు తీసేసినా.
వాన తీసేసినా.
అద్దాల్లో కనపడే వెనక రోడ్డు తీసేసినా.
ఆకాశం మాత్రం ఉండనిచ్చినా,
బూడిదరంగుది, దానికి ఖర్చు లేదు.

చానెలు పేరు 'లోడు అవతా ఉంది'.
చూసేవాళ్లు ఏడుగురు.
ఒకరు నేనే, ఫోన్లో,
బొమ్మ పోతా ఉందో లేదో అని.
ఒకడు మా చిన్నాయన కొడుకు, ఆపకుండానే నిద్రపోయింటాడు.
తడిక అవతల అక్క బిడ్డ పడుకోనుంది,
అందుకని గుసగుసగా చెప్తా:
'ఇప్పుడు వంతెన దిగతా ఉండాము...'
'గట్టిగా మాట్లాడు' అని ఒకరు.
'ఇదేం యాస' అని ఇంకొకరు. వాళ్లు మళ్లీ రారు.

'ధనుంజయులు ఏపీ జీరోత్రీ' వస్తాడు.
నరహరిపేట చెక్‌పోస్టు కాడ వరసలో ఇరుక్కున్నప్పుడంతా.
పల్పు డ్రమ్ములు, చెన్నై హార్బరుకు.
నిజం లారీలో కూర్చోని దొంగ లారీని చూస్తాడు.
'అంత తొందరగా మలుపు తిప్పద్దు పాపా,
నీ వెనక బరువుండాది' అని రాస్తాడు.
నా వెనక గోడ. గోడకు మేకు. మేకుకు గొడుగు.

ఒక రాత్రి గోడౌను ముందర
రివర్సు తియ్యలేక పదకొండుసార్లు గుద్దినా.
'అద్దాలు యాడ పోయినాయి?'
'డబ్బా మొయ్యదన్నా.'
శానాసేపు ఏమీ రాలేదు, వరస కదిలిందేమో అనుకున్నా.
తర్వాత:
'ఎడమ.'
నా లారీ కదిలేది ఆయనకు కనపడేదానికి
పదిహేను సెకండ్లు పడతాది.
మూరెడు జరపడం, ఆపడం, కాచుకోవడం.
'ఇంగొంచెం.'
కాచుకోవడం.
'రానీ.'
డబ్బా లోపల ఫ్యాను రొదపెడతా ఉంది.
'రానీ.'
'రానీ రానీ.'
'పెట్టు.'
నలభై నిమిషాలు. గీత మింద గీత.
వెనక హారన్లు కొడతా ఉండారంట ఆయనకు.
నాకు వినపడవు కదా.

పల్పు సీజను అయిపోయినాక
ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకోని
ఒకాయన వాకిట్లో నిలబడినాడు.
లారీ అమ్మకం కాగితం కొట్టాలంట.
ఇంజను నంబరు, చాసిస్ నంబరు
చూడకుండానే చెప్పినాడు.
రిజిస్ట్రేషను? ఏపీ సున్నా మూడు, అన్నాడు.
పేరు ఆయన చెప్పకముందే
నా వేలు 'ధ' మింద ఉండాది.
నేను అడగలేదు. ఆయనా అడగలేదు.
కాగితం వచ్చినంతసేపూ
రేకు లేని డబ్బా కడుపులోకే చూస్తా ఉన్నాడు,
దుమ్ము, వైర్లు, తిరిగే రెక్క.
'ఇంతేనా ఇది' అన్నాడు.
మూడు పేజీలకు అరవై లెక్కపెట్టినాడు.
గడప దాటినవాడు మళ్లీ వచ్చి
ఇంకో రెండొందలు బల్ల మింద పెట్టి
'అద్దాలకు' అన్నాడు.

రెండొందలకు ఏమీ రాదు.
అయినా ఆ రాత్రి
ఎడమ అద్దం ఒక్కటి ఆన్ చేసినా.
దాంట్లో వెనక రోడ్డు
తెగి తెగి, అతుక్కోని, మళ్లీ తెగి.
చూసేవాళ్లు ఆరుగురు.
'బొమ్మ నిలబడిపోతా ఉంది' అని ఎవురో రాసినారు.
తెలుసు, అన్నాను,
గట్టిగానే.
బిడ్డ లేచింది.