ఉప్పు కారే చోటు

కెండల్‌లో గురువారం. వాన.
కొండ చెరువుల సీసాలు ఏడు దిగాయి,
వ్యాన్ తోలే బార్నబీ గడ్డం పిండితే ఎనిమిదోదీ నిండేది.

నాలుగు బఫర్‌లో నాలుగే చూపించింది మీటరు,
ఏడులో ఏడు. బుద్ధిమంతురాలు.
మూడో సీసాలో ముంచగానే మొదలు:
ఐదు పాయింట్ ఆరు... ఏడు... ఎనిమిది...
ఎక్కడా కూర్చోదు.
పక్క బల్ల మీదిదేమో ఐదున్నర దగ్గర చతికిలబడి
లేవనంటుంది.
రెండూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి.

"నీళ్ళననకు, గాజుబుడ్డిననకు" అంది హెస్టర్,
ముప్ఫై ఏళ్ళుగా ఈ చెరువులనే ముంచి చూస్తున్న మనిషి.
"జంక్షన్ చూడు."

జంక్షన్ అంటే నాకు గుంతకల్లు.
అర్ధరాత్రి రెండు బళ్ళు పక్కపక్కన ఆగి
దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ కలగలిసి
ఎవరు ఎటో తెలియని ఇరవై నిమిషాలు.
ఇక్కడ అది
ఎలక్ట్రోడ్ అంచున ఆవగింజంత పింగాణీ చుక్క.
లోపల చిక్కటి ఉప్పునీరు,
బయట రుచే లేనంత పలచటి వాన.
ఆ చుక్కలోంచి పొటాషియం, క్లోరైడ్
ఒకే కాడి కింది ఎడ్లలా దాదాపు సమంగా నడుస్తాయి.

దాదాపు.
నా మధ్యాహ్నమంతా ఆ మాటలోనే గడిచింది.

ఒకటి అరడుగు ముందు పడినా
హద్దు మీద కాసిని మిల్లీవోల్టులు పేరుకుంటాయి,
తక్కెడ మీద కొట్టువాడి వేలులా.
ఆ వేలి బరువు విడిగా తూచలేం.
తూచాలంటే ఇంకో ఎలక్ట్రోడ్ ముంచాలి,
దానికీ ఒక వేలుంటుంది.
కాలేజీలో ఇది విని నవ్వాను.

భూతద్దం పెట్టాను: చుక్క మీద గోధుమరంగు మరక,
కడగని టీకప్పు అడుగులా.
గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో గంట నానబెట్టాను.
పైన రబ్బరు మూత తీశాను.
పొద్దున తీయడం మరిచింది నేనే,
హెస్టర్‌కి చెప్పలేదు.
నా బొటనవేలి గోరు కింద తెల్లగా ఉప్పు.

మళ్ళీ ముంచాను. తిప్పే బిళ్ళ ఆపేశాను.
సుడి సద్దుమణిగేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాను.
ఐదు పాయింట్ ఆరు ఒకటి.
ఆరు రెండు.
పక్కది ఇంకా ఐదున్నరే అంటోంది.
ఇక దాని చుక్కా చూడాలి.

రిజిస్టరు తెరిచాను. రెండో దశాంశం దగ్గర కలం నిలిచింది.
పాత పేజీల్లో, పన్నెండేళ్ళ కిందటి మార్చిలో,
ఇదే చెరువుకి ఎదురుగా
హెస్టర్ పెన్సిల్ రాత:
"ఇంకాస్త ఆగి ఉండాల్సింది."

అంకె మాత్రం కొట్టేయలేదు.