అట్టకు నాలుగు

గిరింపేట గోడౌన్‌లో ఎత్తేటప్పుడు
పది అట్టలు, మున్నూరు గుడ్లు.
తవణంపల్లెలో దించేటప్పటికి
ఎప్పుడూ మున్నూరు ఉండవు.
అంగట్లో మునిరత్నమ్మ
ఒక్కోటీ చెవికాడ ఆడించి చూసి పక్కన పెడతాది.
"అట్టకు నాలుగు పోతాయిలే" అంటాడు
గోడౌన్ దొరస్వామి.
పోయేది ఆయన గుడ్లు కాదు గదా.

ఈ దోవలో గుంతలకన్నిటికీ నేనే పేర్లు పెట్టినా.
మొదటిది రెండు గుడ్ల గుంత.
కల్వర్టు దాటినాక ఆరు గుడ్లది.
మామిడికాయల ట్రాక్టర్లు తొక్కి తొక్కి
బావి మాదిరి చేసినదానికి మాత్రం పేరు లేదు.
దాంట్లో పడిన దినం లెక్కబెట్టను,
బండి తిప్పుకుని ఇంటికి పోతా.

మొన్న అతుకులేసేవాళ్లు వచ్చినారు.
సంతోషమై, మోపెడ్ నిలబెట్టి చూస్తా ఉండా.
నీళ్లు తోడలేదు. మన్ను ఊడ్చలేదు.
నీళ్ల మీదనే కంకర,
కంకర మీద తారు,
దోసెకు ఎర్రకారం పూసినంత.
రోలరేదబ్బా అంటే
"లారీలు తొక్కుతాయిలే" అన్నాడు మేస్త్రీ,
బీడీ ఆర్పకుండానే.

ఇప్పుడు గుంత ఉన్న చోట మిట్ట.
గుంతనైతే తెలిసి తప్పించుకుంటా ఉంటి.
మిట్ట నలుపు, రాత్రి నలుపు, ఒకటే నలుపు.
నిన్నటి వానకు దాని పక్కనే
ఇంకోటి నోరు తెరిచింది.
దానికింకా పేరు పెట్టలేదు.

ఈ పొద్దు తొమ్మిది పగిలినాయి.
సొన కారి తారు మీద పడింది.
మధ్యాన్నం ఎండ.
చూస్తా ఉండంగానే అంచులు తెల్లబడినాయి.

ఈ రోడ్డు మీద
సరిగ్గా గట్టిపడింది
అదొక్కటే.