ఎవులు గెలిసారు సార్

మల్కాపురం మైదానం. కబడ్డీ సెమీఫైనల్.
ఇంకా నాలుగు నిమిషాలు.
రెండు తలలు కొట్టుకున్న చప్పుడు
ఏమంత పెద్దది కాదు,
గట్టు మీద బోర్లించిన గిన్నె జారినట్టు.

నూకరత్నం లేచింది. మోకాలి మన్ను దులుపుకుంది.
తిన్నగా వెళ్లి అవతలి జట్టు పిల్ల చెయ్యి పట్టుకుని
గొలుసు కట్టి నిలబడింది.
జనం గొల్లుమన్నారు.
నాకు నవ్వు రాలేదు.

నెత్తురు లేదు, బొప్పి అయినా లేదు.
"మొహాన నీళ్లు కొట్టి దించండి మాస్టారూ!"
గట్టు మీంచి హెడ్మాస్టారి కేక.
పాతికేళ్ల కిందట నేనూ ఇలాగే లేచాను,
ఇలాగే దిగాను.
ఆ సాయంత్రం ఇంటికెలా చేరానో
మా తమ్ముడు చెబితేనే తెలుసు.

స్కోరెంతే? అన్నాను.
నా మెడలో విజిల్ వంక చూసింది.
పొద్దున్న ఏం తిన్నావే?
"ఎండ గుచ్చుతంది సార్."
మబ్బు పట్టి ఉంది అప్పటికి.
జెర్సీ మీద తువ్వాలు కప్పి కూర్చోబెట్టాను.

ఆటో సింధియా దాటాక అడిగింది:
ఎవులు గెలిసారు సార్?
ఓడిపోయామమ్మా.
కాన్వెంట్ జంక్షన్‌లో లారీల హారన్లకి చెవులు మూసుకుని
ఎవులు గెలిసారు సార్?
కేజీహెచ్ డౌన్ ఎక్కుతుంటే వాంతి చేసుకుంది.
మూతి తుడుచుకుని మళ్లీ అదే మాట.
అడిగిన ప్రతిసారీ కొత్తగా ఓడిపోయింది పిల్ల.
నాలుగోసారి గెలిచామందామనుకున్నాను.

స్కాన్‌లో ఏమీ కనబడలేదన్నారు.
"అయితే రేపట్నించి ఆడొచ్చా?" హెడ్మాస్టారి ఫోను.
కనబడకపోవడం వేరు, కాకపోవడం వేరు,
మెదడు అదిరింది, మానకముందే ఇంకోటి తగిలితే...
డాక్టరమ్మ ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.
తండ్రి ఎల్లాజీ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు:
"రెణ్ణెల్లు వేటాపి కూకుంటాం మేం.
దీనికేటి."

జాలారిపేటలో కిటికీకి దుప్పటి కట్టారు.
మూడ్రోజులు ఫోను లేదు, టీవీ లేదు.
పుట్టినప్పట్నించి జోలపాటలా వింటున్న సముద్రం కూడా
తలలో మోగుతోందని ఏడ్చిందట.
తర్వాత గుమ్మం దాకా. తర్వాత ఇసుకలో నాలుగడుగులు.
తల నొస్తే మళ్లీ వెనక్కి.

పదకొండో నాడు నేవెళ్లేసరికి
వల చిక్కు తీస్తోంది. తలెత్తలేదు.
"రెండు పాయింట్లతో ఓడిపోనాం.
ఆకరి రెయిడుకి నన్నెందుకు దింపలేదు సార్?
మీవల్లే పోయింది."

పక్కనే ఇసుకలో చతికిలబడ్డాను.
ఇంకోసారి తిట్టవే, అన్నాను.