సీటు సందుల్లో

మాకు కారు ఉండేది కాదు.
ఇంటినిండా కార్ల సీట్లు ఉండేవి.

పుదుప్పేటలో, కూవం వాసన నేరుగా లోపలికొచ్చే సందులో
రెండు గదుల ఇల్లు.
ముందు గదిలో గోడకు జారగిలబడి
ఏదో ఒక అంబాసిడర్ వెనక సీటు,
పెళ్లికొచ్చి తిరిగి వెళ్లడం మరిచిపోయిన చుట్టంలా.
దాని మీదే నా ఎక్కాలు, సుగుణక్క జ్వరాలు,
మధ్యాహ్నం అమ్మ కునుకు.
వారానికి ఎవరో వచ్చి మోసుకుపోయేవాళ్లు.
మేం మళ్లీ నేల మీదికి.

మా నాయన పెంచలయ్య
జనరల్ ప్యాటర్స్ రోడ్డులో, దావూద్ భాయ్ షెడ్డులో సీట్లు కుట్టేవాడు.
వంకర సూది, మైనం పట్టించిన దారం,
పెదాల మధ్య నాలుగు మేకులు.
మేకులుండగా మాట్లాడలేడు కాబట్టి
ఆయన నాకు చెప్పినవన్నీ
టీ తాగుతూ చెప్పినవే.
"నడిపేవాడు రోడ్డును చూస్తాడు.
మెకానిక్కు ఇంజన్ను వింటాడు.
మనం మనిషి వీపును కనిపెట్టుకోని ఉండాల పాపా."

సెలవుల్లో నాకొక పని.
పాత గుడ్డ చింపకముందే
సీటు సందులో చెయ్యి దూర్చి వెతకడం.
సన్నటి చెయ్యి నాది, దానికి కళ్లున్నాయనేవాడు.
పది పైసలు, హెయిర్‌పిన్నులు, బొరుగులు,
ఎండి దారానికి అతుక్కున్న కనకాంబరం.
ఒక ఫియట్‌లో కాగితంలో చుట్టిన పాలపన్ను.
ఇంకో దాంట్లో పల్లవన్ బస్సు టికెట్టు.
కారులో బస్సు టికెట్టు!
ఎవరు ఎక్కడ బస్సు దిగి ఈ కారెక్కారో
వారం పాటు నిద్ర పట్టలేదు నాకు.
ఒక వకీలు గారి కాంటెస్సాలో మాత్రం ఏమీ లేదు.
ఆరేళ్ల బండి, ఒక్క చెనిక్కాయ పొట్టు కూడా లేదు.
నాయన మేకులు తీసి చేతిలో పట్టుకుని
"పాపం" అన్నాడు.

దొరికిందల్లా బిస్కెట్ డబ్బాలో వేసి
బండి నంబరు చీటీ అంటించి
ఎవరిది వాళ్లకే ఇచ్చేయాలి.
ఒకసారి అమ్మ జీలకర్రకని అందులోంచి ముప్పావలా తీసింది.
ఆ రాత్రి నాయన అన్నం తినలేదు, కేకలూ వెయ్యలేదు.
మర్నాడు అమ్మ బస్సెక్కకుండా నడిచి వెళ్లి
ముప్పావలా డబ్బాలో వేసి వచ్చింది.

వానపడితే షెడ్డుకు గిరాకీ ఉండదు.
సీట్లు పీకేసిన కారులో, రేకు మీద చతికిలబడి
నేనూ అక్కా కోవూరుకు ప్రయాణం.
సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు.
అక్క హారను, నేను గేర్లు.
పెన్న వంతెన మీద ఇద్దరం
ఉత్తుత్తి చిల్లర నీళ్లలోకి విసిరేవాళ్లం.
కారంటే నాకు ఈనాటికీ ముందు వాసనే:
రెక్సిను, జిగురు, తడిసిన కొబ్బరి పీచు.
చక్రాలు ఆ తర్వాత గుర్తొస్తాయి.

ఇప్పుడు ఒరగడంలో, కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం.
మా విభాగంలో ఒక ఇనుప పిర్ర ఉంది.
రాత్రింబవళ్లు సీటు మీద కూర్చుంటుంది, లేస్తుంది,
లక్షసార్లు.
ఒకనాడు అనుమతి తీసుకుని నాయనకు చూపించాను.
చేతులు వెనక కట్టుకుని చాలాసేపు చూశాడు.
"దీనికి నడుము నొప్పి రాదు గదా,
ఇంకేం చెప్తుంది నీకు?"
నా రిపోర్టులో ఆ గడి లేదు.

నా కారు కొన్న రోజు
ఆయన ముందు సీటు వద్దన్నాడు.
వెనక, ఎడమ పక్క కూర్చుని
కుట్టు మీద బొటనవేలు నడిపించి, మిషను కుట్టని ముఖం చిట్లించి,
ఆనక సందులో చెయ్యి పెట్టాడు.
"ఏం లేదే ఇంకా!"
కొత్తది కదా నాయనా, అన్నాను.
తర్వాత చాలా తిరిగాం.
తాంబరం కంటి ఆసుపత్రి, అక్క వాళ్లిల్లు,
ఊరికే బీచిరోడ్డు.
ఆయన చొక్కా జేబునిండా ఎప్పుడూ మర్రీ బిస్కెట్లే.

మొన్న సర్వీసు సెంటరులో
కుర్రాడు వాక్యూమ్ గొట్టం పట్టుకొచ్చాడు.
"వెనక ఎడం పక్క వద్దు తంబీ" అన్నాను.
వాడు నవ్వాడు, ఏదో దాచిందనుకున్నాడేమో.
ఏముందో నాకూ తెలియదు.
ఎన్నడూ వెతకలేదు.
ఇప్పుడు నా చెయ్యి ఆ సందులో పట్టదు కూడా.