రాకకు కారణం

సన్‌షైన్ అని పేరేగానీ
మెల్‌బోర్న్ పడమటి ఈ పేటలో
ఆ బుధవారం పొద్దుటినుంచీ తుంపర.
గేటు దగ్గర నేను, నా చేతిలో కర్ర.
దానికి ఒక వైపు 'ఆగు', ఇంకో వైపు 'మెల్లగా'.
లారీలకు చూపిస్తాను రెండూ.
మనిషికి చూపించమన్నది ఆ రోజే.

బ్రాంకా పది నలభైకి వచ్చింది.
సొంత హెల్మెట్, సొంత బూట్లు, మెడలో యూనియన్ పర్మిట్.
ఫోటోలో పొడుగు జుట్టుంది,
ఎదురుగా ఉన్న తలకి లేదు.
మేనేజర్ డెర్మట్ ఆ కార్డుని
దొంగనోటేమోనన్నట్టు వెలుగుకి పెట్టి చూశాడు.
"ఒకరోజు ముందు కాగితం పంపాలి కదా?"
"మాట్లాడ్డానికైతే పంపాలి.
ఎవరైనా పడతారని అనుమానముంటే అక్కర్లేదు."
"పడతారని ఎవరు చెప్పారు?"
ఆవిడ పలకలేదు.
నేను రాని లారీ కోసం రోడ్డువైపు చూశాను.

ఆఫీసుకి ఫోన్ చెయ్యాలట, లాయర్ని అడగాలట,
భద్రత గురించిన వీడియో ఆవిడా చూడాలట.
వెళ్తూ నా చెవిలో అన్నాడు:
"ఫెతూ, రిజిస్టర్ నింపించు. తాపీగా."
తాపీ పని కూడా తాపీగా సాగనివ్వని సైట్ మాది.
ఆ పూట నా పెన్నుకి మాత్రం సెలవు దొరికింది.

పేరు. సంస్థ. వచ్చిన సమయం.
రాకకు కారణం: ఆ గడి నా బొటనవేలంత.
"ఏం రాయను?"
"మూడో అంతస్తు అంచు."
"అంచుకేమైంది?"
"అక్కడేమీ లేదు. అదే అయింది."

అప్పుడు మొదలైంది పైన డ్రిల్లు.
ఒకటి. కాసేపటికి రెండోది.
మూడు వారాలుగా స్టాకు లేదన్న పైపులు
క్రేన్‌కి వేలాడుతూ పైకి పోతున్నాయి.
క్లాంపులు ఖంగు ఖంగుమంటుంటే
తడుస్తూ విన్నాం ఇద్దరం,
పిలవని పెళ్ళి మేళం వీధిలోంచి విన్నట్టు.
"ఎంతసేపు ఆపమన్నారు నన్ను?"
నేను పెన్ను విదిలించాను, సిరా అయిపోయినట్టు.
"బోల్టులు గట్టిగా బిగించేదాకా ఆపు," అంది.

పదకొండూ ఇరవై అయిదుకి వదిలారు.
కింద నుంచి కనబడుతూనే ఉంది.
కొత్త రెయిలింగుని రెండు చేతులా పట్టి ఊపింది.
రెండడుగులు జరిగి మళ్ళీ ఊపింది.
ఒక చోట ఆగి స్పానర్ కోసం చెయ్యి చాపింది.
డెర్మట్ ఇవ్వలేదు.
వెనక నుంచి ఎవరో ఇచ్చారు.

లోపమేమీ దొరకలేదని రాసుకున్నాడు డెర్మట్.
నలభై అయిదు నిమిషాల కూలీ లెక్కగట్టి
ఆవిడ మీద ఫిర్యాదు పెడతాడట.
బ్రాంకా రిజిస్టర్లో సంతకం పెట్టి,
నా పేరు ఎలా రాస్తారని అడిగింది.
చెప్పలేదు నేను.
తల ఊపి, కారు తాళం వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

భోజనాల వేళకి వాన తెరిపిచ్చింది.
నిన్నటిదాకా గోడకి వీపు అంటించి తినే క్వాంగ్
ఆ రెయిలింగు మీద మోచేతులాన్చి
కమలాపండు ఒలుచుకుంటున్నాడు.
తొక్కలు కింద పడకుండా
ఒక్కొక్కటీ జేబులో వేసుకుంటూ.