ఐదు గుర్రాలు

చీటీ పాడి ఎత్తుకున్న నలభైరెండు వేలు
ఫ్యాక్టరీ లాగ్‌బుక్కులో దాచి
మూడు వారాలు లెక్కలేసినాను.

కారు పాతది. నాకంటే ముందు ఇద్దరు తోలినారు.
పదిహేను వందల సీసీ, నాలుగు సిలిండర్లు.
టర్బో లేదు, గాలి ఎవరూ ఊదిపెట్టరు దానికి.
తన ఊపిరి తనే పీల్చుకుంటుంది,
ఎంత పీలిస్తే అంత పరుగు.
నాలుగున్నర వేలు దాటినాక
దాని గొంతులో ఒక జీర వస్తుంది చూడండి,
దానికోసమే కొన్నాను.
ఇంట్లో మాత్రం మైలేజీ కోసమని చెప్పినాను.

గిరింపేట షాపులో యుగంధర్
కౌంటరు మీద ఒక్కొక్కటే పరిచినాడు,
పట్టుచీరలు పరిచినట్టు.
ఎర్ర ఫిల్టరు, రెండు గుర్రాలు.
మొహం కనపడేంత మెరిసే హెడ్డరు పైపులు, మూడు.
"సైలెన్సరు గూడా మార్చేయక్కా,
మురకంబట్టు కాడ నువ్వు గేరేస్తే
కలెక్టరాఫీసు దాకా తెలవాల."
కూడితే ఐదు గుర్రాలు.
పచ్చ కాయితం మీద రాసి, కింద సంతకం గూడా పెట్టినాడు.

నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
తీపిని కొలిచేదాన్ని.
రసం చుక్క గాజు మీద వేసి, వెలుతురుకెత్తి
పద్నాలుగు, పదిహేనున్నర అని రాస్తాను.
కొలవంది తీపి అనే మాట నా నోట రాదు.
ఈ ఐదు గుర్రాల్నీ
ఎవరు కట్టేసి లెక్కపెట్టినారని అడిగితే
యుగంధర్ నవ్వినాడు.

దొరవేలన్న నవ్వలేదు.
మోటారు పంపులు విప్పి విప్పి నల్లబడిన గోళ్ళతో
బండి కిందికి దూరి
చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు.
తర్వాత అక్కడినుంచే గొంతు:
"పాపా, ఈ టైర్లు యా సంవత్సరానివి?"
పక్కగోడ వేలితో నొక్కి చూపించినాడు,
చింతమాను బెరడు మాదిరి పగుళ్ళు.
బ్రేకు నూనె సీసాలోకి వంచితే
నిన్నటి డికాషను.
"ఊపిరి బాగనే ఉండాది దీనికి. కాళ్ళే లేవు.
ఉండే గుర్రాలే నిలబడకుంటే
ఇంకో ఐదుట్ని తెచ్చి యాడ కట్టేస్తావు?"

ఆ రాత్రి వాడి మీద కోపమొచ్చింది.
టైర్లు కొనడంలో ఏముంది?
చీరకని పోయి బియ్యం మూట మోసుకొచ్చినట్టు.

మోసుకొచ్చినాను.
నాలుగు టైర్లు, ముందు ప్యాడ్లు,
లేత తేనె రంగు నూనె,
ఇంజను కింద చీలిపోయిన రబ్బరు బదులు ఇంకొకటి.
మిగిలింది మూడు వేల చిల్లర.
యుగంధర్ బండి చుట్టూ రెండు తూర్లు తిరిగినాడు.
"ఏం మార్చినావక్కా? ఏం కనపళ్ళేదే."
కనపడదు. వినపడదు.
కాయితం మీద ఒక్క గుర్రమూ పెరగలేదు.

జూన్ నెల, మొగిలి ఘాట్.
పలమనేరు నుంచి దిగుతా ఉన్నాను.
చినుకు అప్పుడే నిలిచింది.
మలుపు తిరిగితే
బెంగుళూరా కాయల లారీ, పట్ట తెగి
రోడ్డు నిండా కాయలు,
చక్రాల కింద చితికి పచ్చటి గుజ్జు,
జారుడు, అచ్చం మా ఫ్యాక్టరీ నేల.
నేననుకునే లోపలే కాలు నొక్కింది.
బండి కొంచెం తల వంచి,
పక్కకు ఈడ్వకుండా,
లారీకి రెండు బారల ఇవతల నిలబడింది.

పాత టైర్లయితే ఏమయ్యేదో
కొలవలేదు కాబట్టి చెప్పను.

చేతుల వణుకు తగ్గేదాకా
స్టీరింగు పట్టుకునే కూర్చున్నాను.
కాయలేరుకుంటా ఉన్న క్లీనరు పిల్లోడు
కిటికీలోంచి ఒకటి అందించినాడు.
తొక్కతోనే కొరికినాను.
పదమూడున్నర ఉంటుందనుకున్నాను, గాజు లేకుండానే.

దోవ ఇచ్చినాక
బంగారుపాళ్యం ముందరి తిన్నని రోడ్డు.
మూడో గేరు. నాలుగు వేలు. నాలుగున్నర.
వచ్చింది జీర.

పచ్చ కాయితం డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది.
పారెయ్యలేదు.
వచ్చే చీటీ మాఘమాసంలో.