మిగిలిన నాలుగు

ఫ్రీస్‌లాండ్‌లో గాలికి సెలవు లేదు.
వైమానిక స్థావరం కంచె బయట, బంగాళాదుంప మడి గట్టున
నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడ్డాను,
ముప్ఫై ఒక్క ఏళ్ళు పాల ట్యాంకరు నడిపిన నడుముని
కంచె స్తంభానికి ఆనించి.
రీల్లో ముప్ఫై రెండు అయిపోయాయి.
చాలావరకు గొర్రెలు. రెండు హంసలు.
నాలుక బయటపెట్టిన మనవరాలు షౌక్యా.
ఇంక నాలుగు.

కింద మడత కుర్చీలో డౌవా,
ఒళ్ళో గురగురలాడే రేడియో.
ఫ్లాస్కు మూత తిప్పుతున్న వాడి చెయ్యి ఆగింది.
"హైడ్రాలిక్స్ పోయాయట.
బ్రేకులు నమ్మడట. కేబుల్‌కి వస్తున్నాడు."

ఇక్కడ నిజం చెప్పాలి.
నా గుండె గుభేలుమనలేదు, గంతేసింది.
పద్నాలుగు చలికాలాలు ముక్కు చీదుకుంటూ
ఈ గట్టున నేను కాచుకున్నది దీనికే.
లోపల ఒక మనిషి ఉంటాడన్న ఆలోచన
రాలేదని కాదు,
పెద్ద లెన్స్ బిగించాక వచ్చింది.

అగ్నిమాపక బండ్లు బారులు తీరాయి.
సముద్రపు కరకట్ట మీద మొదట ఒక మసి చుక్క,
తరవాత రెక్కలు, తరవాత తోక కింద
తిరగేసిన తేలు కొండిలా
వేలాడుతున్న కొక్కెం.
ఒకటి నొక్కాను.

చక్రాలు తాకాయి.
కొక్కెం కాంక్రీటును గీరుకుంటూ వచ్చింది,
సానరాయి మీద కత్తి పెట్టినట్టు
వెనకంతా నిప్పురవ్వలు.
రెండు.

కేబుల్ అంత దూరానికి కళ్ళకి ఆనదు.
రబ్బరు బిళ్ళల మీద, నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున
ఏడాది పొడుగునా ఊరికే పడుకుని ఉంటుంది.
సరిగ్గా అది లేచే క్షణాన
దిక్కుమాలిన గాలి నా నిచ్చెనని ఊపింది.
మూడు.

పలుపు బిగిసిన కోడెదూడ చూశారా?
అలాగే ముక్కు వంచింది, నిలబడిపోయింది,
మళ్ళీ తాడే లాగినట్టు
రెండడుగులు వెనక్కి జరిగింది.
అంతా అయ్యాక, తీరుబడిగా,
మడి దాటి వచ్చింది చప్పుడు.

గాజు మూత లేచింది.
హెల్మెట్ తీసి ఒడిలో పెట్టుకున్నాడు.
నిచ్చెన తెచ్చి ఆనించారు, దిగడు.
చెమటకి అంటుకున్న జుట్టుని
రెండు చేతులా గోక్కుంటున్నాడు,
గోక్కుంటూనే ఉన్నాడు.
నా లెన్స్‌లో వాడి చెవులు కూడా ఎర్రగా కనిపిస్తున్నాయి.
వేలు బటన్ మీదే ఉంది.
"తియ్యవేం?" అన్నాడు డౌవా.
"అయిపోయింది రీలు," అన్నాను.

గురువారం కడిగించాను.
మొదటిది బాగానే ఉంది.
రవ్వలది పేపరువాళ్ళు నలభై గిల్డర్లకి తీసుకున్నారు.
మూడోదాంట్లో వంకర ఆకాశం,
చక్కటి ఫోకస్‌లో కంచె ముళ్ళతీగ.

సాయంత్రం పక్కింటి యెల్త్యా వచ్చింది.
పదకొండేళ్ళుగా తెల్లవారుజామున
ఆ కేబుల్ ఈ చివర నుంచి ఆ చివరకి
చేత్తో తడుముతూ నడిచేది ఆమే,
లేచిన పోగు ఎక్కడైనా గుచ్చుకుంటుందేమోనని.
అది విమానాన్ని పట్టుకోవడం మాత్రం
ఒక్కసారీ చూడలేదు, ఆ రోజూ
తన చోటు ఇటుకల గదిలో, మోటారు పక్కన.

వంటింటి దీపం కింద భూతద్దం పెట్టి చూసింది.
విమానాన్ని కాదు, రవ్వల్నీ కాదు.
ఫోటో అడుగున, వెంట్రుకంత గీత.
"బిళ్ళలు సమంగానే ఉన్నాయి," అంది తనలో తాను.
తరవాత, "నడిమికే పడిందా కొక్కెం?"
అది మూడోదాంట్లో ఉండాల్సింది.
ముళ్ళతీగ చూపించాను.
కాఫీ పొలమారేలా నవ్వింది.

నెగెటివ్ పట్టీ ఎత్తి దీపానికి అడ్డం పెట్టింది.
చివరి గడిలో ఏమీ లేదు,
అవతల వెలుగుతున్న దీపం తప్ప.
"ఇదేంటి?"
"పైలట్."

కాసేపు అలాగే పట్టుకుంది.
"వాడికి ఇరవై ఆరట," అంది.
పట్టీని మడత పడకుండా కవర్లో దోపి,
కోటు తొడుక్కుంది.
నాలుగున్నరకి లేవాలి తను,
కొత్త కేబుల్ వేశారు.